మూడో పేరాలో మిగిలిన పేరు

పోయిన సోమవారం నేనొక తప్పు చేశాను. నా దగ్గర పరిశోధన చేస్తున్న అనిత అనే అమ్మాయికి సిఫారసు ఉత్తరం రాయవలసి ఉంది. రాయలేదు. పాత ఉత్తరం ఒకటి తెరిచి, పేరు మార్చి, తేదీ మార్చి, సంతకం పెట్టి పంపేశాను. మొదటి పేరాలో పేరు మార్చాను, రెండో పేరాలో మార్చాను, చివర కూడా మార్చాను. మూడో పేరాలో మాత్రం పాత పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరు గల మనిషి పోయి రెండేళ్లయింది.

ఈ సంగతి నాకు చెప్పింది మునిశామప్ప. మా ఆరోగ్య పరిశోధన సంస్థ ఆఫీసులో దరఖాస్తుల పని అతనే చూస్తాడు. మా సంస్థ ఉన్న హూడిలోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. మా సంస్థ కట్టకముందు ఈ స్థలంలో రాగులు పండేవని అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాడు. పదకొండింటికి ఆ ఉత్తరం ప్రింటు తీసుకుని నా గదిలోకి వచ్చాడు.

"సార్, మూడో పేరా ఒకసారి చూడండి."

చూశాను.

"ఆయమ్మ పేరు ఉండాది," అన్నాడు మెల్లగా.

"పొరపాటు. మార్చి పంపుతాను."

"ఒకసారి పంపినాక మార్చనీదు సార్ ఆ వెబ్‌సైటు. అనిత పాప మళ్లా అడగాల. అప్పుడే మీకు కొత్త లింకు వచ్చేది. సాయంత్రం అయిదుకు మూసేస్తారు."

"సరే, ఆ అమ్మాయిని పిలుస్తాను."

అతను వెళ్లలేదు. కాగితం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "ఆయమ్మకు కూడా ఇదే ఉత్తరం రాసినారా సార్?"

"ఇదే."

"ఇదే అంటే, ఇదేనా?"

"ఇదే మునిశామప్పా."

"సరి సార్," అని కాగితాన్ని రెండుగా మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇంతే. ఈమె చాలా కష్టపడే మనిషి. నిజాయితీ గలది. చెప్పిన పని చెప్పిన వేళకు చేస్తుంది. ఊళ్లలో, బస్తీల్లో జనంతో ఇట్టే కలిసిపోతుంది. పెద్దలంటే గౌరవం. వెనకబడిన కుటుంబం నుంచి వచ్చి ఇంత దూరం చేరుకోవడం మెచ్చుకోదగ్గ విషయం. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఆమె బుర్ర గురించి ఒక్క వాక్యమూ లేదు.

నా కంప్యూటర్లో ఇంకో రకం ఉత్తరం కూడా ఉంది. స్వతంత్రంగా ఆలోచిస్తాడు, ఎవరూ వేయని ప్రశ్నలు వేస్తాడు, రేపు ఈ రంగానికి దారి చూపగలడు అని ఉంటుంది అందులో. అది ఎవరెవరికి వాడానో ఆ సోమవారం ఒక్కొక్కటే తెరిచి చూశాను. అందరూ మా ఇల్లులాంటి ఇళ్ల పిల్లలు. తండ్రి డాక్టరో, లెక్చరరో, బ్యాంకు మేనేజరో. ఇలా విడదీయాలని నేను ఏనాడూ కూర్చుని అనుకోలేదు. చెయ్యి దానంతట అదే ఆ ఫైలు దగ్గరికి పోయేది. అదంతా చూసినప్పుడు నాకు దుఃఖం రాలేదు. చాలాసేపు కాలు మీద కూర్చుంటే తిమ్మిరి పట్టినట్టు ఉంది, అంతే.

మూడో పేరాలో మిగిలిపోయిన ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు రావలసిన చోటు ఒకటుంది. అక్కడికి రాకముందే ఈ నా రాతలో వాడుకోవడం బాగుండదు.

ఆమె మా దగ్గరికి మొదట సర్వే పనికి వచ్చింది. కె.ఆర్.పురంలో పుట్టి పెరిగింది. తల్లి నగరంలో వీధులు ఊడ్చే పౌరకార్మికురాలు. ఈమె నర్సింగులో డిగ్రీ చేసి, మా ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకుంది. వచ్చిన కొత్తలో నెల పొడుగునా గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు ఆమె చేత సందర్శకుల పుస్తకంలో రాయించేవారు. మెడలో ఐడీ కార్డు వేలాడుతూ ఉండేది. అయినా రాయించేవారు. ఆమె వాదించేది కాదు. పేరు రాసేది, ఊరు రాసేది, వచ్చిన వేళ రాసేది. "ఎవరిని కలవడానికి" అన్న గడిలో మళ్లీ తన పేరే రాసేది. నెలాఖరున పుస్తకం తనిఖీ చేస్తూ మునిశామప్ప ఇది చూసి, నవ్వు ఆపుకోలేక నా దగ్గరికి తెచ్చాడు. పిలిచి అడిగాను.

"వాళ్లు అడిగినారు, నేను రాసినా సార్. ఈడ నాకు తెలిసినోళ్లు ఇంకెవురు ఉండారు?" అంది.

నేనూ నవ్వాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురికి చెప్పి నవ్వించాను. గేటు దగ్గరికి వెళ్లి ఆమె మా మనిషని చెప్పింది మాత్రం మునిశామప్ప.

ఆమెకు పనిలో ఒక పద్ధతి ఉండేది. ఇంకొకరిని ఏ ప్రశ్న అడగబోయినా ముందు దానికి తానే జవాబు చెప్పేది. ప్రశ్నపత్రం చేతికిస్తే మూల కూర్చుని, పైకి చదువుకుంటూ, తనకు తానే చెప్పుకునేది. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? రాదు. రాత్రి దగ్గు వస్తుందా? చలికాలం స్వల్ప వస్తాది." ఆ తర్వాత ప్రశ్నపత్రం తయారు చేసినవాడి దగ్గరికి వచ్చేది. అంటే నా దగ్గరికి.

"ముందు మీరు చెప్పండి సార్."

"నేనెందుకమ్మా?"

"మీకు చెప్పేదానికి నామోషీగా ఉంటే వాళ్లకూ ఉంటాది గదా సార్."

అలా నా చేత చాలా జవాబులు చెప్పించింది. నేను రోజుకు ఎన్నిసార్లు బాత్రూముకు వెళతానో, మా ఇంట్లో చెత్త ఎవరు బయట పెడతారో, నేను ఆఖరిసారి చీపురు ఎప్పుడు పట్టానో ఆమెకు తెలుసు. చీపురు ప్రశ్నకు నేను చాలాసేపు ఆలోచించాను. ఆమె పెన్ను పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. చివరికి తానే "జ్ఞాపకం లేదు" అన్న గడిలో టిక్కు పెట్టుకుంది.

ఒక్క ప్రశ్నకు మాత్రం ఆమె జవాబు చెప్పుకోకుండా దాటేసేది. "మీ ఇంట్లో చాలాకాలంగా దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నది ఆ ప్రశ్న. అక్కడికి వచ్చేసరికి, "ఇది మళ్లా చెప్తా సార్," అని పేజీ తిప్పేది. నేను మళ్లీ అడగలేదు.

మేము అప్పుడు చేస్తున్నది వీధులు ఊడ్చేవాళ్ల ఊపిరితిత్తుల మీద పరిశోధన. చేతిలో పట్టే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. దాని గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదాలి. పొద్దున్నే హాజరు వేసే చోటికి వెళ్లి, పనికి వచ్చిన ఆడవాళ్లలో ఒక్కొక్కరి చేత ఊదించేవాళ్లం. వాళ్లు పైట నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడేవారు. ఆమె ముందు తాను ఊదేది. తర్వాత యంత్రం నా చేతికిచ్చేది. నేను బుగ్గలు పొంగించి ఊదితే, అంకె చూసి అందరికీ వినబడేలా చెప్పేది.

"చూడండక్కా, మా సారు ఊపిరి ఇంతే. కుర్చీలో కూర్చుని కూర్చుని ఇట్లాయె."

"అయ్యో పాపం, సారుకు ఎవురైనా ఒక చీపురు ఇయ్యండప్పా," అనేది ఒకామె. అందరూ నవ్వేవారు. నవ్వు ఆగకముందే వరసలో నిలబడేవారు.

మూడు వారాలు ఊదించి లెక్కలు చూసుకుంటే ఆశ్చర్యంగా ఉంది. ఏళ్ల తరబడి దుమ్ములో పని చేస్తున్నారని కాగితం మీద ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు మా ఆఫీసువాళ్ల వాటికన్నా బాగున్నాయి. నాకు సంతోషం కలిగింది. పరిశోధకుడికి అనుకోని ఫలితం దొరికితే కలిగే సంతోషం అది. శరీరం దుమ్ముకు అలవాటు పడుతుందేమోనని ఒక వివరణ కూడా సిద్ధం చేసుకున్నాను. అప్పుడు ఆమె నా గదికి వచ్చింది. కూర్చోమంటే తప్ప కూర్చునేది కాదు. నేను కూర్చోమన్నట్టు గుర్తు లేదు.

"సార్, దగ్గేవాళ్లు ఈ లెక్కలో లేనే లేరు."

"మరెక్కడున్నారు?"

"ఇండ్లలో ఉండారు. వాళ్ల పేరు మీద కోడళ్లు పనికి వస్తా ఉండారు. కాగితంలో వయసు యాభై అని ఉంటాది, ఊదేది ఇరవై అయిదేండ్ల పాప. ఊపిరి బాగా లేక ఏమవుతాది?"

"నీకెలా తెలుసు?"

"సుమ్నే, ఊరికే సార్. చూస్తే తెలస్తాది గదా."

"అయితే హాజరు పట్టీలో పేర్లన్నీ సరిచూద్దాం."

ఆమె నా మాటకు అడ్డం చెప్పడం అదే మొదలు. "పేర్లు అడగొద్దు సార్. అడిగితే రేపటికి వాళ్లకు పని ఉండదు. చీపురు అడగండి. నువ్వు చీపురు పట్టి ఎన్నేండ్లాయె అని అడిగితే నిజమే చెప్తారు. దగ్గేవాళ్ల ఇండ్లకు నేను పోతాను."

వెళ్లింది. రెండు నెలలు మధ్యాహ్నాలు ఆ యంత్రం సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. మంచాల మీద, గడపల్లో కూర్చున్న అత్తల చేత ఊదించింది. సగం ఊదేసరికే దగ్గు తెర కమ్మి కొందరు ఆగిపోయేవారు. ఆమె వాళ్ల వీపు నిమిరి, నీళ్లిచ్చి, మళ్లీ అడిగేది. ఆ అంకెలు వచ్చాక మా పరిశోధన తలకిందులైంది. పనిచేసే చోట మాత్రమే వెతికితే జబ్బుపడ్డవాళ్లు కనబడరని, వాళ్ల బదులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కనబడతారని ఆ వ్యాసం చెప్పింది. దానికి వచ్చిన పేరంతా ఆ ఒక్క మాట వల్లే వచ్చింది.

వ్యాసం మీద మూడు పేర్లున్నాయి. నాది, నా సహోద్యోగులు ఇద్దరివి. చివర చిన్న అక్షరాల్లో, సర్వేలో సాయపడినవారికి కృతజ్ఞతలు అన్నచోట నలుగురి పేర్లున్నాయి. అందులో ఆమెది మూడోది. పత్రిక చేతికిచ్చినప్పుడు ఆమె పేజీలు తిప్పి ఆఖరుకు వెళ్లి, వేలు పెట్టి చూసుకుంది.

"నా పేరు స్పెల్లింగు సరిగా వేసినారు సార్," అంది.

ఆ రోజుల్లోనే ఒక నిధి మొదలైంది. ఆరోగ్య పరిశోధనలోకి ఎప్పుడూ ఒకే రకం ఇళ్ల నుంచి మనుషులు వస్తున్నారు, దళిత, ఆదివాసీ కుటుంబాల నుంచి, చదువు కొత్తగా అడుగుపెట్టిన ఇళ్ల నుంచి, వికలాంగుల నుంచి రావడం లేదు, వాళ్లు రావాలి అన్నది దాని ఉద్దేశం. ముందు శిక్షణలో ఉండే విద్యార్థులకు సాయం. ఆ తర్వాత వాళ్లలో కొందరు అధ్యాపకులుగా నిలదొక్కుకునేందుకు ఐదేళ్ల సాయం. మా సంస్థ తరఫున దరఖాస్తు రాసింది నేనే. అలాంటివి రాయడం నాకు బాగా వచ్చు. అట్ట మీద ఆమె ఫొటో వేశాం. యంత్రం పట్టుకుని, చుట్టూ ఆడవాళ్లతో నవ్వుతూ ఉంటుంది. నిధి మాకు వచ్చింది. శిక్షణకు ఆమెను ఎంపిక చేశారు. అప్పుడు రాసిందే ఆ సిఫారసు ఉత్తరం. కష్టపడుతుంది, నిజాయితీ గలది, గౌరవం గలది. విద్యార్థికి ఆ మాటలు సరిపోయాయి.

పీహెచ్‌డీ చేసింది. సెమినార్లలో నిలబడి మాట్లాడింది. ఒకసారి ముందురోజు నేను ఆమెను పిలిచి, "ఉండాది కాదమ్మా, ఉంది అనాలి. నలుగురిలో వినడానికి బాగుండదు," అన్నాను.

"రేపు చెప్పేది ఇంగ్లీషులో గదా సార్," అంది. తర్వాత "ఉంది," అని పలికి చూసుకుని వెళ్లింది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే "ఉండాది" అనేది.

పీహెచ్‌డీ అయ్యాక అధ్యాపకుల సాయానికి దరఖాస్తు చేసుకుంది. వస్తే ఆమెకు మా సంస్థలోనే సొంత గది, సొంత విద్యార్థులు, సొంత పరిశోధన ఉండేవి. మళ్లీ ఉత్తరం అడిగింది. పాత ఉత్తరంలో తేదీ మార్చి ఇచ్చాను.

"నేను ఒకసారి చూడొచ్చునా సార్?"

"అది రహస్యంగా ఉంచాలమ్మా. చూపించకూడదు."

"సరి సార్."

ఇంటర్వ్యూ నగరంలోనే ఇంకోచోట జరిగింది. అందులో ఆమెను నీ సొంత ఆలోచన ఏమిటని అడిగారు. ఆమె అత్తలు, కోడళ్ల సంగతి చెప్పింది. ఆ మధ్యాహ్నమే కమిటీలో ఒకాయన నాకు ఫోను చేశాడు. పాత పరిచయస్తుడు.

"వ్యాసంలో ఈ అమ్మాయి పేరు లేదు. మీ ఉత్తరంలోనూ ఆ సంగతి లేదు. తనదే అంటోంది. ఆ ఆలోచన ఆమెదా, మీదా?"

"అందరం కలిసి చేసిన పనండీ," అన్నాను.

నేను అన్నది అంతే. అంతకన్నా పెద్ద మాట అవసరం లేకపోయింది. ఎందుకలా అన్నానో నాకు అప్పుడే తెలుసు. వచ్చే ఏడాది ఇంకో పెద్ద సర్వే మొదలవుతోంది. ఇళ్ల తలుపులు తట్టడానికి ఆమె కావాలి. ఆమె పక్క గదిలో అధ్యాపకురాలై కూర్చుంటే నా సర్వేకు ఎవరు వెళతారు? పైగా ఆ ఆలోచన నాదని చాలా సభల్లో చెప్పుకుని ఉన్నాను. చెప్పుకోగా చెప్పుకోగా నాదే అనిపిస్తూ ఉండేది కూడా.

ఫలితం ఒక వాక్యంలో వచ్చింది. ఈ ఏడాది తగిన అభ్యర్థి ఎవరూ లేరు, అందువల్ల ఎవరినీ ఎంపిక చేయడం లేదు. ఆ సంగతి వరండాలో నేనే ఆమెకు చెప్పాను.

"ఎవురూ లేరన్నారా సార్?"

"అలా రాశారమ్మా."

"మరి ఆ పొద్దు లోపల కూర్చుని వాళ్లతో మాట్లాడింది ఎవురు సార్?"

ఆమె ఐడీ కార్డును జేబులోకి తోసుకుంది. "సర్వే కాగితాలు మధ్యాహ్నం తెచ్చిస్తా సార్," అని వెళ్లింది. తెచ్చిచ్చింది కూడా.

ఇంకో ఏడాది నా సర్వే పని చేసి, కోలారు వైపు ఒక నర్సింగు కాలేజీలో టీచరుగా చేరింది. రెండేళ్ల కిందట జ్వరంతో ఆసుపత్రిలో చేరి నాలుగో రోజున పోయింది. ఆ కబురు మా పాత సర్వే బృందం వాట్సాప్‌లో వచ్చింది. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, మీటింగుకు వెళ్లాను. ఆ మీటింగు ఏమిటో గుర్తు లేదు.

సోమవారం మధ్యాహ్నం అనితను పిలిచాను. ఆమె మదనపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చింది. తల్లిదండ్రులు ఇటుక బట్టీల్లో పని చేస్తారు. వచ్చి నిలబడింది. కూర్చోమన్నాను. జరిగింది చెప్పి, చూపించకూడదని తెలిసీ ఉత్తరం ఆమె చేతికిచ్చాను. చదివింది.

"బాగానే ఉంది గదా సార్. ఈ ఒక్క పేరు మార్చేస్తే సరిపోతుంది."

"ఈ ఉత్తరంతో నీకు రాదమ్మా."

"ఎందుకు సార్? కష్టపడతానని రాసినారు గదా."

"అందుకే రాదు. నువ్వు సొంతంగా ఆలోచించింది ఏదో చెప్పు. అది రాస్తాను. ముందు నేను చెబుతాను." అని ఆగాను. గత పదేళ్లలో నేను సొంతంగా ఆలోచించింది ఏముందా అని వెతుక్కున్నాను. "నాది ఒక్కటే పెద్ద వ్యాసం. అందులో అసలు ఆలోచన ఈ మూడో పేరాలో ఉన్న ఆమెది. ఇక నువ్వు చెప్పు."

అనిత ఉత్తరం బల్ల మీద పెట్టింది. "మన ఫారంలో బట్టీ దగ్గర తాగునీళ్లు ఉన్నాయా అని ఉంది సార్. అన్నిచోట్లా ఉన్నాయి. కానీ ఆడోళ్లు సాయంత్రం దాకా తాగరు. తాగితే పోయేదానికి మరుగు లేదు. అందుకే మూత్రపిండాల రోగాలు వాళ్లకు ఎక్కువ అనిపించింది. నీళ్లున్నాయా అనే బదులు పొద్దున్నుంచి ఎన్ని గ్లాసులు తాగినావు అని మార్చినాను. పోయిన నెల మీకు మెయిలు పెట్టినాను సార్."

"నేనేమన్నాను?"

"ఓకే అని పంపినారు."

వెతికి చూశాను. నిజమే, ఓకే అని ఉంది. నాలుగు పేజీల మెయిలు అది. మొదటిసారి అప్పుడు చదివాను. తర్వాత అనిత మళ్లీ లింకు అడిగింది, కొత్త ఉత్తరం మొదటి నుంచి రాశాను. కష్టపడుతుందని అందులో ఎక్కడా రాయలేదు. నాలుగున్నరకు మునిశామప్ప దాన్ని నా ఎదుటే నిలబడి ఆఖరుదాకా చదివాడు.

"ఈసారి ఒక పేరే ఉండాది సార్," అన్నాడు.

అనిత ఫలితం ఇంకా రాలేదు.

ఆ వారం వ్యాసం అచ్చువేసిన పత్రికకు రాశాను. రచయితల పేర్లలో ఆమె పేరు మొదట చేర్చాలని అడిగాను. మిగతా ఇద్దరు రచయితలకూ ఫోను చేశాను. ఒకరు వెంటనే సరేనన్నారు. ఇంకొకరు ఎందుకని రెండుసార్లు అడిగి, తర్వాత సరేనన్నారు. పత్రికవాళ్లు రెండు పేజీల ఫారం పంపారు. చేర్చవలసిన రచయిత జీవించి లేకపోతే దగ్గరి బంధువు సంతకం కావాలన్నారు.

ఆదివారం పొద్దున మా ఇల్లున్న మారతహళ్ళి నుంచి బస్సెక్కి కె.ఆర్.పురం వెళ్లాను. మునిశామప్ప చెప్పిన గుర్తుల ప్రకారం స్టేషను వెనక సందులో ఇల్లు పట్టుకున్నాను. ఆమె తల్లి గడపలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు పనిచేసిన చోటి సారునని చెప్పాను. లోపలి నుంచి కోడలు ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. తల్లి మాట్లాడబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఈ దగ్గు?"

"శానా యేండ్లప్పా. పని మానేసిందే దీనికి గదా. నా పేరు మీద ఈ కోడలు పోతా ఉండె. నా చేత ఊదించినాకే నా కూతురు మిగతా ఇండ్లకు పోయింది. మీకు చెప్పలేదా?"

"చెప్పలేదు. నేను అడగలేదు."

మళ్లా చెప్తా సార్ అని ఆమె పేజీ తిప్పేసిన ప్రశ్నకు జవాబు అది. చెబితే ఆ ఇంటివాళ్ల పని పోయేది. అయినా నా గదికి వచ్చి, నిలబడి, ఇల్లు ఏదో చెప్పకుండా సంగతి మాత్రం చెప్పింది.

ఫారం తీసి, విషయం వివరించాను. తల్లి ఓపిగ్గా విన్నది.

"ఇప్పుడెందుకప్పా ఇది?"

"అప్పుడే వెయ్యాల్సిందమ్మా. వెయ్యలేదు."

"మరిచిపోయినారా?"

"లేదు. మరిచిపోలేదు." కమిటీ ఆయన ఫోను సంగతి చెప్పాను. ఆయన ఏమడిగిందీ, నేనేమన్నదీ చెప్పాను. ఎందుకన్నానో కూడా చెప్పాను. కోడలు లోపలికి వెళ్లబోతున్నది గుమ్మంలో ఆగిపోయింది.

తల్లి పైట చెంగుతో నోరు తుడుచుకుంది. "ఆ పని రాలేదని తెలిసినపొద్దు ఇంటికొచ్చి ఏమనిందో తెలుసునా? సారు బాగానే రాసింటారమ్మా, నేనే సరిగా చెప్పలేదేమో అనింది."

కళ్లలో నీళ్లు వస్తాయేమో అనుకున్నాను. రాలేదు.

ఆమె ఫారం అందుకుని, చేతిరాత ఉన్న చోట వేలు పెట్టింది. "ఈడ ఏమి రాసినావు?"

పేరు చేర్చడానికి కారణం రాయవలసిన చోటు అది. "పొరపాటున పేరు విడిచిపెట్టామని రాశానమ్మా," అన్నాను.

"పొరపాటా?"

పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద ఇంగ్లీషులో మళ్లీ రాసి, ఆమెకు తెలుగులో చదివి వినిపించాను. "ఈ పరిశోధనకు ఆధారమైన ఆలోచన ఆమెది. ఆ సంగతి తెలిసే నేను ఆమె పేరు వెయ్యలేదు."

పెన్ను ఆమెకు ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"ముందు నువ్వు పెట్టప్పా," అంది.

పెట్టాను. తర్వాత ఆమె కాగితాన్ని ఒళ్లోకి తీసుకుని, కింద కోడలు ఇచ్చిన అట్ట పెట్టుకుని, కన్నడ అక్షరాల్లో నెమ్మదిగా తన పేరు రాసింది.

మర్నాడు పొద్దున ఆ రెండు పేజీలూ మునిశామప్పకు ఇచ్చాను. స్కాన్ చేసి, కంప్యూటర్లో జతచేసి, పంపే ముందు కొట్టివేత కింద రాసిన వాక్యం చదివాడు. నా వైపు చూడలేదు.

"పంపేదా సార్?"

"పంపు," అన్నాను.